వాగు దాటకూడని నీళ్ళు

మార్చి 4

ఈ డైరీ ఆఫీసువాళ్ళిచ్చారు. సర్వేలో చూసినవి ఇందులో రాసుకోమన్నారు. వాళ్ళకి కావలసినవి రాయడానికి వాళ్ళ కాగితాలు ఉండనే ఉన్నాయి. ఇది మాత్రం నాది. అట్ట మీద నీటిచుక్క బొమ్మ వేసి దానికి నవ్వుమొహం పెట్టారు. నీటిచుక్కకి అంత నవ్వొచ్చే సంగతి ఏముందో తెలియదు.

నాకు ఉద్యోగం వచ్చిందని అత్తయ్య వీధి వీధంతా చెప్పుకొచ్చింది. పది చదివిన కోడలిని తెచ్చుకున్నందుకు ఇన్నాళ్ళకి ఫలితం దక్కిందట. "చదువుకున్నదానికి పొయ్యి అంటించడం రాదు" అని మొన్నటిదాకా దెప్పింది ఈవిడే. మా ఆయన కట్టడాల పనికి ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇంట్లో నిలకడగా సంపాదించేది ఇక నేనే.

పని కష్టమైనదేమీ కాదు. వాగుకి ఇటు మా ఊరు, అటు చెల్లెలి ఊరు. మా ఊరికి శుద్ధి చేసిన నీళ్ళ కుళాయిలు పెట్టారు. అటువైపు పెట్టలేదు. నేను నెలనెలా రెండు ఊళ్ళలోనూ ఇంటింటికీ తిరిగి చిన్నపిల్లలకి విరేచనాలు ఎన్నిసార్లయ్యాయో అడిగి రాసుకోవాలి. ఏడాదిపాటు. మధ్యలో ఒకసారి లెక్క చూస్తారు. తేడా తేలితే అటువైపూ పెడతారు, ఆ తర్వాత ఇంకో వంద ఊళ్ళలో పెడతారు.

మార్చి 9

పెద్ద ఆఫీసు నుంచి పెద్దాయన వచ్చాడు. బడి వరండాలో మీటింగు. మంచివాడిలాగే ఉన్నాడు, కుర్చీ వేస్తే వద్దని మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన చెప్పింది నాకు న్యాయంగానే తోచింది. ఇన్నేళ్ళూ పేద ఊళ్ళకి ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చుకుంటూ పోయారట, ఏది పనిచేసిందో ఏది చేయలేదో వెనక్కి తిరిగి చూసినవాడు లేడట. ఇకమీదట మందుని పరీక్షించినట్టు పథకాన్నీ పరీక్షిస్తారట. ఒక ఊరికి ఇచ్చి, అలాంటిదే ఇంకో ఊరికి ఇవ్వకుండా ఆపి, రెండింటినీ పోల్చి చూస్తే నిజం బయటపడుతుందట.

అత్తయ్య నా వెనక కూర్చుని సణగడం మొదలుపెట్టింది. "ఒకాయన కోళ్ళిచ్చాడు. ఇంకొకాయన పొగ రాని పొయ్యి ఇచ్చాడు. కోడి వెళ్ళి ఆ పొయ్యిలో గుడ్లు పెట్టింది. రెండు పథకాలూ బాగానే కలిసొచ్చాయని చెప్పు ఆయనకి."

నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

చివర్లో నియమం చెప్పారు. కుళాయి నీళ్ళు వాగు దాటకూడదు. దాటితే పోల్చడానికి ఏమీ మిగలదు, అప్పుడు కుళాయిలు ఎత్తేస్తారు. అలా దాటడాన్ని కలుషితం కావడం అంటారట. మంచినీళ్ళు వెళితే కలుషితం. మా సూపర్‌వైజరు మేడమ్ ఆ మాట మామూలుగా అనేసి ముందుకి పోయింది. వయసులో నాకంటే చిన్నది, పాపం చాలా శ్రద్ధగా చెప్పింది. మాట్లాడితే "తేడా తెలియాలి" అంటుంది. అత్తయ్య అప్పుడే తేడా మేడమ్ అని పేరు పెట్టేసింది.

నియమానికి కట్టుబడతామని అందరం చేతులెత్తాం. నేనూ ఎత్తాను. అత్తయ్య రెండు చేతులూ ఎత్తింది.

మార్చి 17

చెల్లెలింటికి వెళ్ళాను. ఉద్యోగం మీద వెళ్ళడం ఇదే మొదటిసారి. భుజాన సంచీ, చేతిలో గొడుగు, మెడలో కార్డు చూసి అది గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవరు కావాలండీ?" అంది.

"ఎకసెక్కాలు చాలు గానీ పక్కకి జరుగు."

మా ఇద్దరికీ ఒకే నెలలో పెళ్ళిళ్ళయ్యాయి. నన్ను వాగుకి ఇటు ఇచ్చారు, దాన్ని అటు ఇచ్చారు. కేకేస్తే పలికేంత దగ్గర అని అమ్మ ఎంత మురిసిపోయిందో. ఇటూ అటూ అన్న రెండు మాటలకి ఇంత అర్థం వస్తుందని ఆ రోజు ఎవరనుకున్నారు.

దాని పెద్దపిల్లాడు పోయిన వానల్లో పోయాడు. సాయంత్రం విరేచనాలు పట్టుకున్నాయి, మర్నాటికి లేడు. ఇప్పుడు మిగిలింది పిచ్చుక ఒక్కతే. పేరు వేరే ఉంది గానీ ఆ ఒళ్ళు చూసి అందరూ పిచ్చుక అనే పిలుస్తాం. నా ఒళ్ళో కూర్చుని మెడలో కార్డు నోట్లో పెట్టుకుంది.

"ఈ నెలలో పాపకి ఎన్నిసార్లయ్యాయి?" అని అడిగాను.

"నీకు తెలియదూ? మొన్న దాని బట్టలు ఉతికింది నువ్వే."

"నువ్వు చెప్పాలి, నేను రాయాలి. అంతే. ఏ నీళ్ళు తాగుతున్నారు?"

"వాగులో తీసిన చెలమ నీళ్ళు. అవి కాక ఇక్కడ ఇంకేమున్నాయి? రాసుకో." పిచ్చుక జుట్టు దువ్వుతూ అడిగింది. "ఈ లెక్కలన్నీ అయ్యాక మాకూ కుళాయి పెడతారా?"

"తేడా తేలితే పెడతారు."

"తేడా అంటే?"

"మా ఊరి పిల్లలకి తగ్గి, మీ ఊరి పిల్లలకి తగ్గకపోతే."

దువ్వడం ఆపింది. "అంటే మా పిల్లలు ఎంత జబ్బుపడితే మాకు కుళాయి అంత తొందరగా వస్తుందన్నమాట."

"అలా అనకూడదే."

"మరెలా అనాలో నువ్వు చెప్పక్కా."

మార్చి 18

ఎలా అనాలో ఈరోజు కూడా తోచలేదు.

ఏప్రిల్ 6

పిచ్చుకకి మళ్ళీ పట్టుకుంది. కళ్ళు లోపలికి పోయాయి. చెల్లెలు ఉప్పూ చక్కెరా కలిపి పట్టిస్తోంది గానీ కలిపేది ఆ చెలమ నీళ్ళలోనే. మూల కూర్చుని నా వైపు చూడకుండా చేస్తోంది. అది అడగలేదు. అడిగితే తిట్టి ఉండేదాన్ని, అడగలేదు కాబట్టి ఏం చేయాలో తెలియలేదు.

నా సంచీలో ఆఫీసువాళ్ళిచ్చిన క్యాను ఉంది. ఎక్కడా ఎవరింట్లోనూ నీళ్ళు తాగవద్దని, కుళాయి నీళ్ళు పట్టుకెళ్ళమని మేడమే చెప్పింది. నేను జబ్బుపడితే లెక్క ఆగిపోతుందట. క్యాను తీసి పొయ్యి పక్కన పెట్టి వచ్చేశాను.

ఇందులో నియమం తప్పిందేమీ లేదు. నా తాగే నీళ్ళు నాతోపాటు వాగు దాటవచ్చు. నేను తాగలేదు. తాగని నీళ్ళు అక్కడ పెట్టి వచ్చాను. దాహం వేయకపోవడం తప్పని ఎక్కడా రాయలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను అసలు తాగనే లేదు కదా.

ఏప్రిల్ 7

ఈరోజు కూడా దాహం వేయలేదు.

ఏప్రిల్ 25

క్యాను సరిపోవడం లేదు. బిందె పట్టుకెళ్తున్నాను. పైన పాత గుడ్డ కప్పుతున్నాను, ఎవరైనా అడిగితే ఉతకడానికి వెళుతున్నానని చెప్పొచ్చు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అదృష్టం.

కుళాయి దగ్గర ఇంటికింత అని కార్డు మీద ఇస్తారు. అటు పోతే ఇటు తగ్గుతుంది. అత్తయ్య బిందెలో చెయ్యి పెట్టి చూసి, "ఇద్దరు మనుషులం. ఇన్ని నీళ్ళు ఎవరు తాగుతున్నారు?" అంది.

"ఎండలు అత్తయ్యా."

"అవునవును, ఎండలు," అంది వెంటనే. ఆవిడ నా మాటకి అంత తొందరగా ఒప్పుకోవడం పెళ్ళైనప్పటి నుంచీ ఇదే మొదలు.

మే 14

అటువైపు సర్వే. ముందు మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. ఆమెనీ అటే ఇచ్చారు. బాబు దొడ్లో దుమ్ములో దొర్లుతున్నాడు, బొద్దుగా ఉన్నాడు.

"ఏ నీళ్ళు తాగుతున్నారు?"

"చెలమ నీళ్ళే వదినా. మాకింకేముంటాయి?"

పక్కకి తిరిగి చూస్తే గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున గీతలు కూడా కనిపిస్తున్నాయి. శుభ్రంగా వడబోసుకుంటోందన్నమాట. మంచి అలవాటు. కాగితం చివర్న ఆ మాట రాశాను కూడా.

చెల్లెలింట్లో కూడా అదే ప్రశ్న అడిగాను. అడగకుండా రాసేస్తే బాగుండదు. "చెలమ నీళ్ళు," అంది నా కళ్ళలోకి చూస్తూ. చెలమ అని రాసుకున్నాను. దాని వెనకే నేను తెచ్చిన బిందె ఉంది. పిచ్చుక ఆ బిందెకి బొట్టు పెడుతోంది.

జూలై 11

వానలు పట్టుకున్నాయి. మేడమ్ స్కూటరు బురదలో దిగబడితే మా ఇంట్లో ఆగింది. తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చాను. అత్తయ్య టీ పెట్టింది.

మేడమ్ మామూలుగా మాట్లాడే మనిషి కాదు, వానకి మెత్తబడిందేమో, ఈరోజు మాట్లాడింది. ఇంతకుముందు వేరేచోట కుట్టుమిషన్లు పంచే పథకంలో చేసిందట. మిషన్లు ఇచ్చినప్పుడు ఫొటోలు తీశారట. మళ్ళీ వెళ్ళి చూస్తే వాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నారట. "నేను అందరిచేతా చప్పట్లు కొట్టించాను. ఈసారైనా తెలిసి చేయాలనుంది," అంది. "వంద ఊళ్ళ ఫైలు నా టేబుల్ మీదే ఉంది. తేడా కనపడిందా, సంతకం పెట్టించేస్తాను. కనపడకపోతే మాత్రం నేను ఏం చెప్పినా వినరు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అత్తయ్య చేతిలోంచి గిన్నె జారి ఖంగుమని కింద పడింది.

జూలై 12

చెప్పలేదు. చెబితే ఏమొస్తుంది? ఒక్క పాప. ఒక్క పాపవల్ల ఊరి లెక్క మారదు.

ఆగస్టు 19

వాగు మోకాళ్ళ దాకా వచ్చింది. బిందె నెత్తిన పెట్టుకుని దాటాను, చెప్పులు తేలిపోయాయి. పోతే పోయాయి.

ఈ రోజుల్లోనే పోయినేడు పిల్లాడు పోయాడు. చెల్లెలు ఆ మాట ఎత్తలేదు. పిచ్చుకని నా ముందు నిలబెట్టి, "బుగ్గలు చూడక్కా," అంది. నిజంగానే బుగ్గలొచ్చాయి. గిల్లితే ఏడ్చింది కూడా గట్టిగా, ఏడవడానికి ఒంట్లో ఓపికుండాలి కదా. వానాకాలం సగం దాటినా ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

"నీ ఉద్యోగానికి ఏమీ కాదు కదా?" అని అడిగింది.

"నా ఉద్యోగం సంగతి నాకు తెలుసులే."

నాకు చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ రాసుకుంటున్నాను, ఇంకెక్కడా చెప్పుకోలేను కాబట్టి.

సెప్టెంబరు 8

మధ్యలో చూసే లెక్క చూశారు. మేడమ్ బడి వరండాలో నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పింది. మొహం వాడిపోయి ఉంది.

మా ఊళ్ళో పిల్లల విరేచనాలు బాగా తగ్గాయి. అటువైపు కూడా అంతే తగ్గాయి. తేడా లేదు. కుళాయి ఉన్నా లేకపోయినా ఈ ఏడు తగ్గేవేనని పెద్ద ఆఫీసులో తేల్చారు. గాలి మార్పో, వాన మార్పో, ఏదో ఒకటి. నీళ్ళవల్ల మాత్రం కాదు. నెలాఖరుకి నీళ్ళు శుద్ధి చేసే యంత్రం విప్పుకుని వెళతారు. వంద ఊళ్ళ ఫైలు మూసేస్తారు.

"మీరు సరిగ్గానే రాశారు కదా?" అని అడిగింది.

"వాళ్ళు చెప్పిందే రాశాను మేడమ్."

అది అబద్ధం కాదు.

సెప్టెంబరు 9

నీళ్ళు పనికిరావని నేను రుజువు చేశాను. పిచ్చుక ప్రాణం నిలబెట్టిన నీళ్ళు ఉత్తవేనని ఊరూరా చెప్పబోతున్నారు, దానికి సాక్ష్యం నా చేతిరాతే.

అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇవ్వకపోయి ఉంటే తేడా కనిపించేది, కుళాయి అటు కూడా వచ్చేది. అప్పటికి పిచ్చుక ఉండేదో లేదో. ఇలా ఆలోచిస్తే పిచ్చెక్కుతుంది.

కానీ ఒకటి అర్థం కావడం లేదు. నేను పాడుచేసింది ఒక్క ఇంటి లెక్కనే. మిగతా ఊరంతా ఎలా తగ్గింది?

సెప్టెంబరు 10

చెల్లెలికి సంగతి చెప్పాలని తెల్లవారుతుండగానే బయలుదేరాను. రోజూ వంటయ్యాక వెళ్ళేదాన్ని, ఇంత పొద్దున్నే వాగు దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదు.

వాగు నిండా జనం.

మంగలి భార్య అటునుంచి ఖాళీ బిందెతో వస్తోంది. బడి పంతులుగారి తల్లి రాళ్ళ మీద కాలు ఆనించుకుంటూ రెండు చెంబులు మోసుకెళుతోంది, ఆ వయసులో. కుళాయి దగ్గర కార్డులు చూసి నీళ్ళు వదిలే కాపలాదారు, మా అందరినీ గదమాయించేవాడు, సైకిల్‌కి రెండు క్యాన్లు కట్టుకుని తోసుకుపోతున్నాడు. అతని చిన్నకూతురు అటే. నన్ను చూసి అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అందరికీ దొంగకి తేలు కుట్టినట్టయింది. నా చేతిలోనూ బిందె ఉంది.

అందరి వెనక మా అత్తయ్య.

"ఏమిటలా చూస్తావు? బట్టలు ఉతుక్కోవడానికి వచ్చాను," అంది. చేతిలో బిందె తప్ప ఒక్క బట్ట లేదు.

"ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"నువ్వెప్పటి నుంచో అప్పటి నుంచే." బిందె చంక మార్చుకుని, "నీకంటే కొంచెం ముందే," అంది.

మా ఊరి పిల్లని అటు ఇవ్వని ఇల్లు లేదు. అటు పిల్లని తెచ్చుకోని ఇల్లు లేదు. మట్టీ నీళ్ళూ మనుషులూ అన్నీ ఒకేలా ఉన్నాయని ఆఫీసువాళ్ళు ఈ రెండు ఊళ్ళనీ ఎంచుకున్నారు. ఎందుకు ఒకేలా ఉన్నాయో వాళ్ళు అడగలేదు. ఇంటింటికీ తిరిగి ఇన్ని ప్రశ్నలడిగిన నాకు కూడా ఈ ఒక్కటీ తట్టలేదు. ఆడపడుచు ఇంట్లో తేట నీళ్ళు చూసి వడబోసుకుంటోంది అనుకున్నదాన్ని.

సెప్టెంబరు 12

కాపలాదారు ఇంటి ముందు కూడాం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే అందరం భుజాలు తడుముకునేవాళ్ళమే. నియమం తప్పామని చెబితే కుళాయి ఎత్తేస్తారు. చెప్పకపోతే పనికిరాదని ఎత్తేస్తారు.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి," అన్నాడు కాపలాదారు.

"రెండింట్లోనూ నీళ్ళుంటే ఇంత బాధ లేకపోను," అంది అత్తయ్య.

చెప్పేద్దామన్నాను. ఎలాగూ పోయే కుళాయే అయినప్పుడు, ఆ నీళ్ళు ఉత్తవన్న మాటైనా మిగలకూడదన్నాను. ఇంకో వంద ఊళ్ళు ఉన్నాయన్నాను.

"ఆ వంద ఊళ్ళు మనకేం చుట్టాలు?" అంది మంగలి భార్య. "చెబితే మన పేర్లు రాసుకుంటారు. రేపు ఇంకో పథకం వస్తే వీళ్ళు మాట తప్పేవాళ్ళని మనకివ్వరు."

చాలామంది తలూపారు. ఆమె అన్నదీ నిజమే. అత్తయ్య లేచి నిలబడింది. "కోళ్ళు ఉత్తవి అన్నారు, ఊరుకున్నాను. పొయ్యి ఉత్తది అన్నారు, అది నేనూ అన్నాను. ఈ నీళ్ళు ఉత్తవని ఎవడైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా మనవడి ఒంటి మీద కండ మరి ఎక్కడి నుంచి వచ్చింది?" అని నా వైపు తిరిగింది. "వెళ్ళి చెప్పు. నా పేరే ముందు చెప్పు."

సెప్టెంబరు 15

చెప్పాను.

మేడమ్ కలం మూత పెట్టేసింది. "ఎంతమంది?" అంది.

"అందరూ."

నవ్వడం మొదలుపెట్టింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "నీళ్ళు పనిచేస్తాయని మీరంతా కలిసి వాగుకి రెండువైపులా రుజువు చేశారు," అంది. "కానీ దాన్ని అలా రాయడానికి మా కాగితంలో చోటు లేదు."

పెద్ద ఆఫీసుకి తనే ఫోన్ చేసి చెబుతానంది. "మీ పేరు చెప్పాలి," అంది.

"మా అత్తయ్య తన పేరే ముందు చెప్పమంది మేడమ్."

అక్టోబరు 3

కుళాయి ఎత్తేయడం లేదు. ఊరు ఊరంతా పండగలా ఉంది. మా ఊళ్ళో ఇంకో ఏడాది ఉంచుతారు. ఈ లెక్క పాడైంది కాబట్టి మళ్ళీ మొదటినుంచి చూస్తారు. పోల్చడానికి ఇంకో ఊరిని వెతుక్కుంటారు, మా ఊరితో ఏ సంబంధమూ లేనిది. అప్పుడైనా తేడా తేలితే వంద ఊళ్ళ ఫైలు మళ్ళీ తెరుస్తారు.

చెల్లెలి ఊరిని లెక్కలోంచి తీసేశారు. ఇక వాళ్ళకి కుళాయి ఇస్తామన్న మాట లేదు, నీళ్ళు ఇవ్వకూడదన్న నియమమూ లేదు. చెప్పడానికి వెళితే, "మంచిదే. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అన్నట్టుండేది. ఇక అడుక్కుతినొచ్చు," అని నవ్వింది. పిచ్చుక నా వీపు మీదెక్కింది. మోయలేకపోయాను, అంత బరువెక్కింది.

ఆ కొత్త ఊరిని వెతికే పని, అక్కడ లెక్క రాసే పని నాకే ఇచ్చారు. పొరపాటు ఎక్కడ జరుగుతుందో నాకు తెలుసట. రెండు ఊళ్ళ లెక్కా ఒకరే రాయాలట, ఈ ఊళ్ళో రాయగలిగినదాన్ని నేనే. నేను కాదంటే లెక్క ఆగుతుంది. లెక్క ఆగితే కుళాయి ఆగుతుంది. కుళాయి ఆగితే రెండు ఊళ్ళలోనూ మళ్ళీ చెలమ నీళ్ళే, పిచ్చుకతో సహా. ఎటు తిరిగినా గుమ్మం ఒకటే కనిపిస్తోంది. సరేనన్నాను.

అక్టోబరు 20

ఇంటింటికీ తిరిగి అడిగాను, ఏ ఊరికి పిల్లనివ్వలేదు, ఏ ఊరినుంచి తెచ్చుకోలేదు అని. కాపలాదారు పకపకా నవ్వాడు. "సంబంధాలు చూసేవాళ్ళు ఎక్కడిద్దామా అని అడుగుతారు. ఎక్కడివ్వలేదని అడిగే మనిషిని నిన్నే చూశాను."

కొండ వెనక ఒక ఊరుంది. దాని పేరు చెబితే ఏ ఇంట్లోనూ ఎవరూ తలూపలేదు. ఒక్క చుట్టం లేడు, ఒక్క కోడలు లేదు. మేడమ్ చాలా సంతోషించింది.

అత్తయ్యకి చెబితే బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది. "అక్కడికి పిల్లని ఎవరిస్తారు? నీళ్ళుండవు."

నవంబరు 5

రేపు వెళ్ళాలి. నాకేమీ భయం లేదు. అక్కడ నాకు చెల్లెలు లేదు. ఈసారి పని సులువుగానే ఉంటుంది.

నవంబరు 6

కొండ చుట్టి వెళ్ళేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. మొదటి ఇంటి ముందు ఒకామె పుల్లలు విరుస్తోంది. నేనెవరో, ఎందుకొచ్చానో అడగలేదు. చాప తెచ్చి నీడలో వేసింది.

"అంత దూరం నడిచొచ్చావు. ముందు కూర్చో అక్కా," అంది. లోపలికి తిరిగి కేకేసింది. "ఒసేయ్, పెద్దమ్మకి మంచినీళ్ళు తీసుకురా."

పిచ్చుకంత పిల్ల. పిచ్చుక మార్చిలో ఎలా ఉండేదో అలా ఉంది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా, అడుగు చూసుకుంటూ తెచ్చింది. నీళ్ళు గోధుమరంగులో ఉన్నాయి. తాగకూడదు. నా నీళ్ళు నాకున్నాయని చెప్పి సంచీలో క్యాను చూపించాను.

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి క్యాను దగ్గరగా వచ్చి చూసింది. "ఇందులోవీ నీళ్ళేనా పెద్దమ్మా? అవతలివైపు కనపడుతోంది," అంది.

ఆమె నవ్వింది. నేను కాగితాలు తీశాను. "ఈ నెలలో పాపకి ఎన్నిసార్లయ్యాయి?" అని అడిగాను. చెప్పింది. రాసుకున్నాను. ఏ నీళ్ళు తాగుతున్నారని అడిగాను. కింద పెట్టిన గ్లాసు వైపు చూపించింది. రాసుకున్నాను. ఇదంతా ఎందుకని అడిగితే, తేడా తేలితే మీకూ కుళాయి పెడతారని చెప్పాను. ఆమె ఎంత సంతోషపడిందో. తేడా అంటే ఏమిటని మాత్రం అడగలేదు.

వచ్చేటప్పుడు దారంతా దాహం వేసింది. క్యాను మూత తీయబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. అత్తయ్య సంచీ అందుకుని, బరువు చూసి, క్యాను బయటికి తీసింది.

"ఇదేమిటే, నిండుగానే ఉంది. ఎవరికీ ఇవ్వలేదా?"

"ఎవరికిస్తాను అత్తయ్యా?" అన్నాను. "అక్కడ మనవాళ్ళెవరూ లేరుగా."